పిల్లాణ్ని మానసిక చికిత్స సెంటర్లో చేర్పించే ముందు ఇవి చూసుకోండి

కొంపల్లి వైపో, శంషాబాద్ వైపో ‘మీ అబ్బాయిని దారిలో పెడతాం’ అనే బోర్డు చూసి అడ్వాన్స్ కట్టేయకండి. క్లినికల్ సైకాలజిస్ట్ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్లో మీరే సరిచూసుకోండి, గోడ మీద ఫ్రేములదేముంది, ఎవరైనా తగిలించుకోవచ్చు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఉన్నన్నాళ్లూ మీరో, మీరు పెట్టిన మనిషో పక్కనే ఉండాలి. అందుకే ‘నెల దాకా కలవనివ్వమండీ’ అన్నారంటే ఇక మాటలొద్దు, బండి వెనక్కి తిప్పేయండి.

చేర్చుకున్న 72 గంటల్లో సెంటర్ వాళ్లు ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి, ఆ కాగితం కాపీ తీసుకోండి. రాత్రి డ్యూటీ ఎవరిది, వాళ్ల చదువేంటి, దెబ్బ తగిలితే ఎవరు రాసిపెడతారు, రిజిస్టర్ చూపిస్తారా? నసిగితే అనుమానించాల్సిందే.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లాడికి కంఠతా వచ్చేలా చేయండి.