ఎండలో పనికి దిగేవారికి మొదటి వారమే గండం
ఎండలో పనికి కొత్తగా దిగేవారు, కొన్ని వారాల విరామం తర్వాత తిరిగి వచ్చేవారు తొలిరోజే పూర్తి పనిని నెత్తిన వేసుకోకూడదు. శరీరం వేడికి అలవాటుపడి, త్వరగా చెమట పట్టించి ఒంటిని చల్లబరచుకోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, మొదటి రోజు మామూలు సమయంలో ఐదో వంతు మాత్రమే పనిచేసి, రోజురోజుకూ పెంచుకుంటూ పోవడం క్షేమం. దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకొక గ్లాసు నీళ్లు తాగాలి.

పక్కన పనిచేస్తున్న మనిషి మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా, దయచేసి అలసటేనని వదిలేయకండి. చెమట పడుతూనే ఉన్నా సరే, అది వడదెబ్బ కావచ్చు. వెంటనే అంబులెన్సును పిలిపించి, నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.