కోల్డ్ ఫ్రంట్ వెళ్లిన మర్నాడు రెడ్‌ఫిష్ ఎక్కడుంటుంది?

చలికాలంలో టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ వైపు రెడ్‌ఫిష్ అనే చేప కోసం గాలం పట్టుకుని వెళ్లేవాళ్లకి ఒక మాట. కోల్డ్ ఫ్రంట్ (ఉత్తరం నుంచి ఒక్కసారిగా వచ్చిపడే చల్లగాలి) దాటిన మర్నాడు తెల్లవారకముందే లేచి వణుక్కుంటూ పరిగెత్తకండి. ఆ ఉత్తరపు గాలి బేలో (తీరాన్ని ఆనుకున్న అఖాతంలో) నీళ్లని సముద్రంలోకి తోసేస్తుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ ఉత్త బురదే ఉండొచ్చు. చేపలు పక్కనున్న కాలవల్లోకి, గుంటల్లోకి దిగిపోతాయి. మధ్యాహ్నం రెండు దాటి, ఎండకి నల్లబురద కాస్త వెచ్చబడ్డాక ఆ లోతు అంచునే ఎర వేయండి. బతికున్న రొయ్య దొరక్కపోతే చచ్చినదైనా పర్లేదు, వాసనకి వస్తాయి. రీలు మాత్రం నిద్రమత్తులో ఉన్నట్టు తిప్పాలి. చలికి చేప ఎర వెంటపడదు. దారం కొంచెం బరువెక్కినట్టు అనిపించిందా, పట్టుకుందన్నమాట! టెక్సాస్‌లో మామూలుగా 20 నుంచి 28 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలి కాబట్టి టేపు మర్చిపోకండి.