దూకుడుగా నడిపినవాడు గుద్దితే: తిరుపతి, చిత్తూరుల్లో పరిహారం రాబట్టుకునే తీరు

రేణిగుంట రోడ్డులోనో, మొగిలి ఘాట్ మలుపులోనో వెనక నుంచి హారన్ మోగిస్తూ వచ్చిన కారు మీ బండిని కొట్టింది. కాలు విరిగింది. సాయంత్రానికి కారు తరఫు మనుషులు వార్డుకొచ్చి "ఏదో జరిగిపోయింది అన్నా, ఖర్చంతా మేం చూసుకుంటాం, కేసు మాత్రం వద్దు" అంటారు. చాలామందికి రావాల్సిన పరిహారం పోయేది సరిగ్గా అక్కడే. మొదటి బిల్లు కట్టినవాళ్లు రెండో ఆపరేషన్ నాటికి ఫోన్ ఎత్తకపోతే, అప్పటికి మీ చేతిలో ఎఫ్‌ఐఆర్ ఉండదు, సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోయి ఉంటాయి. రాజీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకండి. తెల్లకాగితం మీద అసలే వద్దు.

నడిపినవాడి మీద కక్ష లేనివాళ్లు కూడా కేసు పెట్టాలి. శిక్ష సంగతి చూసేది క్రిమినల్ కోర్టు. డబ్బు ఇప్పించేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. అక్కడ డబ్బు కట్టేది సాధారణంగా అతని బీమా కంపెనీ, అతను కాదు. రెండు కేసులూ దేని దారి దానివి. క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం ఆగదు, ఎందుకంటే ట్రిబ్యునల్‌లో సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదు, జరిగే అవకాశం ఎటు ఎక్కువుందో చూపిస్తే చాలు.

ఆస్పత్రిలో చెప్పే మొదటి మాట

108లో తీసుకెళ్లినా ఆటోలో తీసుకెళ్లినా, చేర్పించేటప్పుడు రోడ్డు ప్రమాదమని చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన వైద్య నమోదు) రాయించండి. కంగారులో ఎవరో "బండి మీంచి పడ్డాడు" అంటారు, అదే కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత బీమా కంపెనీ లాయరు ఆ ఒక్క వాక్యాన్నే చూపించి, తనంతట తానే పడ్డాడని వాదిస్తారు. "ఫలానా నంబరు కారు ఢీకొట్టింది" అనే చెప్పండి. నంబరు తెలియకపోతే "నంబరు తెలియని తెల్ల కారు" అనండి. దారిన పోతూ ఆస్పత్రికి చేర్చినవాళ్లు భయపడనక్కర్లేదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఎ వాళ్లను కాపాడుతుంది.

2025 మే నుంచి అమల్లో ఉన్న నగదురహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. అది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి కాబట్టి, ఇక్కడ కూడా ఫిర్యాదు ఆలస్యం చేస్తే నష్టం మీకే.

చిత్తూరు వైపు వాళ్లు చాలామంది నేరుగా వేలూరు సీఎంసీకి వెళ్తారు. అక్కడి నుంచి సమాచారం ముందు తమిళనాడు పోలీసులకు పోతుంది. అది ఇక్కడి స్టేషన్‌కు చేరేదాకా ఆగకుండా, ఇంట్లో ఒకరు అదే రోజు ప్రమాదం జరిగిన చోటి స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి. పరిధి తేలకపోతే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించవచ్చు.

ఫిర్యాదు రాసే పద్ధతి

"అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న మాట ప్రతి ఎఫ్‌ఐఆర్‌లోనూ ఉంటుంది. దానితో సరిపెట్టకండి. అతను చేసిన పనిని పనిగా రాయండి: "ఉదయం 9.20కి లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు వైపు నేను ఎడమ అంచున వెళ్తున్నాను. వెనక కారు మూడుసార్లు హారన్ కొట్టి, ఎడమ పక్క నుంచే ఓవర్‌టేక్ చేస్తూ నా హ్యాండిల్‌ను తగిలించింది." తగిలిన చోటు, బండి పడిన దిక్కు, చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు చేర్చండి. సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో రావడం, నడుపుతూ ఫోన్ పట్టుకోవడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగే. వాటిలో ఏది జరిగితే దాని పేరు పెట్టి రాయండి.

భారతీయ న్యాయ సంహితలో సాధారణంగా పడేవి 281, 125(ఎ) సెక్షన్లు. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, అప్పుడు 125(బి) రావాలి. దానికి మూడేళ్ల దాకా జైలు. మొదటి రోజు గాయాల పత్రంలో "సాధారణ గాయం" అని పడి, ఎక్స్‌రే తర్వాత కూడా సెక్షన్ మారకుండా ఉండిపోతుంటుంది. ఎక్స్‌రే రిపోర్టు నకలు దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితం. నమోదు చేయకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు.

అసలు కావాలనే గుద్దితే? సైడ్ ఇవ్వలేదని వెంటబడి, బండిని అడ్డం పెట్టి, ఆ కోపంలో ఎక్కించిన ఘటనలుంటాయి. అప్పుడది అజాగ్రత్త కాదు. హత్యాయత్నం, ఉద్దేశపూర్వకంగా గాయపరచడం వంటి బరువైన సెక్షన్లు వస్తాయి. అలా రాస్తే బీమా డబ్బు రాదని కొందరు భయపెడతారు. ఉన్నది ఉన్నట్టే రాయండి. చంపిన ఘటన కూడా మోటారు వాహనాల చట్టం దృష్టిలో ప్రమాదం కావచ్చని సుప్రీంకోర్టు 2000లో రీటా దేవి కేసులో చెప్పింది. కంపెనీ గట్టిగా పోరాడే మాట నిజమే, దానికి తగ్గ లాయరును పెట్టుకోవాలి. కారు దిగి చేత్తోనో రాడ్డుతోనో కొట్టిన దెబ్బలు మాత్రం వాహన ప్రమాదంలోకి రావు. ఆ గాయాలను ఫిర్యాదులోనూ ఎంఎల్‌సీలోనూ విడిగా రాయించండి.

చెరిగిపోయే సాక్ష్యం

దుకాణాల కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి. కొన్నిచోట్ల వారం కూడా నిలవవు. అందుకే రెండో రోజే ఫలానా దుకాణం, ఫలానా సమయం అని రాసి ఎస్సైకి అర్జీ ఇవ్వండి. దుకాణదారును కూడా భద్రపరచమని అడగండి. కాపీ ఇచ్చినవాళ్ల నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ధ్రువపత్రం తీసుకోకపోతే కోర్టులో అభ్యంతరం వస్తుంది. కొండ మీదికెళ్లే దారిలో జరిగితే టీటీడీ కెమెరాలు, హైవే మీదయితే టోల్‌ప్లాజా కెమెరాలు అడగమని పోలీసులను కోరండి.

మీ బండిని ఎంవీఐ (రవాణా శాఖ వాహన తనిఖీ అధికారి) చూసేదాకా మెకానిక్ దగ్గర పెట్టకండి. ఎటు వైపు నొక్కుకుందన్నది ఎవరు ఎవరిని కొట్టారో చెప్పే సాక్ష్యం. గుద్దిన బండి బీమా ఆ రోజుకు చెల్లుతుందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో చూసి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి.

ఆరు నెలలు

2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్న నిబంధన తిరిగి వచ్చింది. దానిమీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి గానీ, వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పిటిషన్‌గా తీసుకోవచ్చు కూడా. అయినా అది వెళ్లిందో లేదో కనుక్కోకుండా గడువు దాటనివ్వకండి.

ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు నివసించే చోట, పని చేసుకునే చోట కూడా వేయవచ్చు. చెన్నై కారు గుద్దినా చిత్తూరు జిల్లా కోర్టులోనో, తిరుపతిలోని అదనపు జిల్లా జడ్జి కోర్టులోనో వేసుకోవచ్చు. దర్శనానికి వచ్చి గాయపడిన హైదరాబాద్ భక్తుడు తిరుపతి చుట్టూ తిరగనక్కర్లేదు, తన ఊళ్లోనే వేసుకోవచ్చు. డ్రైవరు, ఆర్‌సీ మీదున్న యజమాని, బీమా కంపెనీ, ఈ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టాలి. "బండి ఎప్పుడో అమ్మేశాను" అన్నా, ఆర్‌సీ మారనంత వరకు బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదే. లైసెన్సు లేదన్న కారణంతో కంపెనీ తప్పించుకోవాలని చూస్తుంది. అలాంటప్పుడు ముందు మీకు కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తుంటాయి. బీమానే లేకపోతే యజమాని ఆస్తి మీదే పడాలి. అది కష్టమైన దారి.

లెక్క ఎలా కడతారు

ఇక్కడే ఎక్కువ డబ్బు చేజారుతుంది. 32 ఏళ్ల వడ్రంగి నెలకు 15,000 సంపాదిస్తాడనుకుందాం. సొంత పని, 40 ఏళ్ల లోపు వయసు కాబట్టి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. దీన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 31-35 ఏళ్ల వాళ్లకు గుణకం 16, అంటే 40,32,000. పని చేసే శక్తి 40 శాతం తగ్గిందని తేలితే ఆదాయ నష్టం 16,12,800. వైద్య ఖర్చులు, నొప్పి బాధలు, సహాయకుడి ఖర్చు, రాకపోకలు దీనికి అదనం.

వైకల్య పత్రంలో 20 శాతం అని ఉంటే అంతే లెక్క వేస్తారని అనుకోకండి. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: చూడాల్సింది శరీరానికి ఎంత శాతం వైకల్యమన్నది కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందన్నది. మోకాలు వంగని గుమాస్తా కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు, వడ్రంగి చేయలేడు. దీన్ని నిరూపించడానికి పత్రం ఒక్కటే చాలదు, వైద్యం చేసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. సదరం పత్రం ఉంది కదా అని డాక్టరును పిలిపించకపోవడం తరచూ జరిగే పొరపాటు. ఆదాయానికి బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లావాదేవీలు, మేస్త్రీ సాక్ష్యం, ఏవుంటే అవి పెట్టండి. మందుల షాపు బిల్లుల మీద అంకెలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, జిరాక్సు తీసి రెండూ కలిపి ఉంచండి.

హెల్మెట్ లేకపోతే పరిహారం మొత్తం పోదు. మీ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గుతుంది.

గుద్ది పారిపోయి బండి దొరకకపోతే, తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్డీవో లేదా తహసీల్దారుకు దరఖాస్తు చేయాలి, మంజూరు చేసేది కలెక్టర్. బండి దొరికినా తప్పెవరిదో నిరూపించే సాక్ష్యం బొత్తిగా లేనివాళ్లకు సెక్షన్ 164 ఉంది. తప్పు చూపక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు. కానీ ఆ దారిలో అంతకు మించి రాదు, పై వడ్రంగి లాంటివాళ్లు తొందరపడి అది తీసుకోకూడదు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. వచ్చినదాంట్లో ఇంత శాతమని లాయరు వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. లోక్ అదాలత్‌లో త్వరగా తేలుతుంది, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. లోపల బిగించిన రాడ్డు తీయించే ఆపరేషన్ ఇంకా మిగిలి ఉంటే ఆ ఖర్చు అంచనాను డాక్టరుతో రాయించుకుని, దాన్ని కలిపి అడగండి. ట్రిబ్యునల్ తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. కాబట్టి తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి.