ముసురు పట్టినప్పుడు వామాకు కుండీ

మా నల్లగొండలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ముందు పోయేది వామాకు మొక్కే. కాడంతా నీరే కదా, వేరు తడిలో నానితే మొదలు నల్లబడి మెత్తగా చేతికి ఊడొస్తుంది. నల్లరేగడిలో పెట్టి రెండుసార్లు పోగొట్టుకున్నా. ఇప్పుడు చెల్క మట్టి, ఇసుక సగం సగం కలిపి, కుండీ కింద రెండు పెంకు ముక్కలు పెట్టి చూరు కిందికి జరుపుతున్నా. కుళ్లు కనిపించినా టెన్షన్ వద్దు. పైన గట్టిగా ఉన్న కొమ్మను జానెడు తుంచి, ఒక రోజు నీడలో ఆరనిచ్చి వేరే కుండీలో గుచ్చండి. నీళ్లు కొంచెమే పోయాలి.

సర్ది చేస్తే నాలుగు ఆకులు, రెండు మిరియాలు మరిగించి తాగుతాం. గొంతుకు హాయిగా ఉంటుంది, అంతే. జ్వరం తగ్గకపోతే డాక్టర్ దగ్గరికే. మిగిలిన ఆకులు బజ్జీలకు.