ఫాస్ట్ ట్రిగ్గర్ కొంటానంటున్న మన పిలకాయలకి, కొనకముందు ఇవి చూసుకోండి

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు డాలస్ నుంచి వచ్చినాడు, మాది పలమనేరు పక్కన పల్లె, నేనుండేది తిరుపతిలో. భోగి రాత్రి మిద్దె మీద కూర్చోని ఫోన్లో వీడియో చూపించినాడు, వాళ్ల ఫ్రెండు రైఫిల్‌కి బయట కొన్న ట్రిగ్గర్ వేయించినాడంట, వేలు అట్లా నొక్కి పెడితే చాలు టపటపటపా అని తూటాలు నింపే మ్యాగజైన్ ఖాళీ. "మామా, నేనూ గన్ తీసుకోని ఇదే వేయిస్తా" అన్నాడు. వాని రూమ్మేట్ కూడా గన్ ఉన్నోడే, వద్దని వాదిస్తా ఉండాడంట, ఇద్దరికీ నెల రోజులుగా ఇదే గొడవ. ఆ రాత్రి వానికి చెప్పిందే రాస్తా ఉండా, మనోళ్లు అక్కడ చానా మంది ఉండారు.

ట్రిగ్గర్ సంగతి తర్వాత, ముందు మీ వీసా చూసుకోండి. హెచ్‌1బీ, ఎఫ్‌1 మీద ఉన్నోళ్లు గన్ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు, అది అక్కడి ఫెడరల్ చట్టం. ఏదో ఒక స్టేట్ ఇచ్చిన, గడువు అయిపోని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గురి చూసి కాల్చే చోటు, రేంజ్ అంటారే, అక్కడ గన్ అద్దెకి తీసుకోని కాల్చినా చేతిలో ఉన్నట్టే లెక్క. తప్పితే 15 ఏళ్ల దాకా జైలు, ఆ పైన వీసా పోతాది, ఇంటికి పంపిస్తారు. గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండు కొన్నాడు కదా అని మీరు కొనేస్తే కుదరదు. మావోడికి హంటింగ్ లైసెన్స్ సంగతే తెలీదు, ఆ మాట విని నాకు గుండె ఝల్లుమనింది.

ఇంక అసలు గొడవ ఏందంటే, మామూలు సెమీ ఆటోమేటిక్‌లో ఒకటి పేలినాక వేలు వదిలి మళ్లీ నొక్కాల. ఫోర్స్‌డ్ రీసెట్ అనే ఈ కొత్త రకంలో, పేలినప్పుడు గన్ లోపల వెనక్కి పోయే బోల్ట్ అనే ఇనప ముక్కే ట్రిగ్గర్ని ముందుకి తోసేస్తాది, వేలి బరువు అట్లే ఉంటే మళ్లీ పేలతాది. బైనరీ అని ఇంకోటుంది, నొక్కితే ఒకటి, వదిలితే ఒకటి. ఒక్కో తూటాకి ట్రిగ్గర్ ఒక్కోసారి కదులుతా ఉంది కాబట్టి ఇది మెషీన్ గన్ (నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలే రకం) కాదని కొనేవాళ్ల వాదన, మెషీన్ గన్ల మీద అమెరికాలో ఉన్న 1934 చట్టంలో మాట కూడా ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఎన్ని తూటాలు పోతాయి అనే దాని మీదే ఉంది. 2017 అక్టోబర్‌లో లాస్ వేగాస్ కాల్పుల్లో వాడింది బంప్ స్టాక్, అంటే పేలిన దెబ్బకి గన్ ముందుకీ వెనక్కీ ఊగి గబగబా పేలేటట్టు చేసే వెనక కట్ట, దాన్ని అక్కడి ప్రభుత్వం 2018 చివర్లో మెషీన్ గన్ లెక్కలో వేసి నిషేధిస్తే 2024 జూన్‌లో అక్కడి సుప్రీం కోర్టు ఆ నిషేధాన్ని 6-3తో కొట్టేసింది. ఈ ఫోర్స్‌డ్ రీసెట్ ట్రిగ్గర్ల కేసులో 2025 మేలో ప్రభుత్వం రాజీకొచ్చింది. సరే, అంతటితో అయిపోయిందా అంటే లేదు, స్టేట్ చట్టాలు వేరే. కాలిఫోర్నియాలో ఇట్లాంటివి కుదరవు. మన సాఫ్ట్‌వేర్ పిల్లోళ్లు ప్రాజెక్ట్ మారితే సామాన్లన్నీ కార్లో వేసుకోని స్టేట్ దాటేస్తారు, టెక్సస్‌లో సరిపోయింది ఆ పక్క కేసు అవతాది. రేంజ్‌కి కూడా ముందే ఫోన్ చేసి అడగండి, గబగబా కాల్చనీని రేంజ్‌లు ఉంటాయి.

నా మటుకు నేను రూమ్మేట్ పక్షమే. నిమిషానికి 600 లెక్కేసుకుంటే 30 తూటాల మ్యాగజైన్ 3 సెకన్లలో అయిపోతాది, రెండోది మూడోది యాడికి పోయిందో కాల్చినోడికే తెలీదు. మా నాయనకి పంట కాపలాకి లైసెన్స్ ఇచ్చిన ఒంటి గొట్టం 12 బోర్ తుపాకి ఉంది. తెల్లారి దాన్ని చాప మీద పెట్టి మధ్యలో మడిచి తెరిచి, గొట్టంలోంచి కిటికీ వెలుతురు చూసి, ఖాళీ అని వాని చేత కూడా చూపించి అప్పుడిచ్చినాడు. అడివిపందుల్ని బెదిరించడానికి పైకి ఒక్కటి పేల్చాలన్నా ముందు టార్చి చుట్టూ తిప్పి, పక్క కయ్యలో ఎవురూ లేరని చూసుకున్నాకే తుపాకి గుర్రం (తూటాని కొట్టే సుత్తి) ఎత్తుతాడు. అది వాడు చూసి చానాసేపు మాట్లాడలేదు.

ఇంకో ముఖ్యమైన మాట, మన దేశంలో ఈ వాదనకి చోటే లేదు. 1959 ఆయుధాల చట్టంలో నొక్కి పట్టుకుంటే వదిలేదాకా పేల్చే తుపాకి నిషేధిత ఆయుధం, అట్లా పేలేటట్టు మార్చినా అంతే, 2019 సవరణ తర్వాత దగ్గర పెట్టుకుంటే 7 నుంచి 14 ఏళ్లు. ఆయుధాల విడిభాగాలు కూడా ఆయుధాల కిందే వస్తాయి. అందుకని తాతకి చూపిస్తామనో, ఊళ్లో తుపాకికి వేస్తామనో ట్రిగ్గర్ని సూట్‌కేస్‌లో పెట్టుకోని చెన్నైలో దిగొద్దండి.

రేంజ్‌కి తీసుకుపోయిన బ్యాగుతో మాత్రం ప్రయాణం చేయొద్దు. వేరే బ్యాగు లేకపోతే జేబులన్నీ బయటికి తిప్పి, అడుగున గుడ్డ కింద వేలు పెట్టి తడమండి, ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. మావోడి బ్యాగు తిరుపతిలో నేనే మంచం మీద బోర్లించి చూసినా, పక్క జేబులో రేంజ్ రసీదు, చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు రెండు దొరికినాయి, తూటా లేదు.