సైకిల్ యాత్ర పాఠాలు – 6: ఘాట్ రోడ్డు మీద ఇద్దరు

పోయిన పాఠంలో సామాను సర్దుకున్నాం. ఇప్పుడు ఆ బరువుతోనే గుట్టలెక్కాలి. పాఠానికి తీసుకున్న దారి మన్ననూరు నుంచి శ్రీశైలం, 70 పైచిలుకు కిలోమీటర్లు. చాలా మేర అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండానే పోతుంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. అందుకని ముందురోజే మన్ననూరు చేరి, గేటు తీయగానే బయల్దేరండి. హైదరాబాద్ వైపు నుంచి వస్తే మన్ననూరుకు ముందే తగిలే హాజీపూర్ తర్వాతి ఘాట్ ఎక్కుడు కూడా ముందురోజు లెక్కలోకే పోతుంది.

ఈ దారిలో ఒక్కటే పెద్ద ఎక్కుడు ఉండదు. వటవర్లపల్లి మీదుగా దోమలపెంట దాకా చిన్న చిన్న ఎత్తుపల్లాలు, ఈగలపెంట దాటాక కృష్ణ ఒడ్డుకు మలుపుల దిగుడు, డ్యాం కింది వంతెన దాటగానే సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుడు. పొద్దున దమ్మంతా ఖర్చు పెట్టినవాళ్లు ఆ చివరి ఎక్కుడులోనే ఆగిపోతారు, అదీ ఎండ ముదిరిన వేళ.

ముందుగా గేరు లెక్క. పెడల్ దగ్గరి చిన్న చక్రం పళ్లు లెక్కపెట్టండి, వెనక చక్రంలో అన్నిటికంటే పెద్దదాని పళ్లు లెక్కపెట్టండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 28ని 34తో భాగిస్తే 0.82 వస్తుంది. 700 సైజు చక్రం ఒక చుట్టుకు 2.1 మీటర్ల దూరం పోతుంది కనుక పెడల్ ఒక్కసారి తిరిగితే 1.7 మీటర్లు. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు 6 కిలోమీటర్లు. సామానుతో ఘాట్ ఎక్కడానికి ఈ వేగం చాలు. అదే 38, 28 పళ్ల గేరైతే చుట్టుకు 2.85 మీటర్లు. అదే 6 కిలోమీటర్ల వేగంలో పోవాలంటే నిమిషానికి 35 సార్లే తొక్కుతారు, ప్రతి తొక్కుకూ బరువంతా మోకాలి మీద పడుతుంది. సాయంత్రానికి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలయ్యేది ఇందుకే. మీ లెక్క 1 దాటితే బయల్దేరే ముందే వెనక పళ్ల సెట్టు మార్పించండి. కొత్తదాని పెద్ద చక్రాన్ని మీ డీరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపేది) మోయగలదా అని షాపులో అడిగి మరీ కొనండి.

ఆ చిన్న గేరు రోడ్డు మీద పనిచేస్తుందో లేదో ముందురాత్రే చూడాలి. వెనక చక్రం పైకెత్తి, పెడల్ చేత్తో తిప్పుతూ అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదికి చైన్ తెండి. ఇప్పుడు డీరైలర్‌ను వేలితో చక్రం పుల్లల వైపు నెట్టండి. ఇంకా లోపలికి జరుగుతోందంటే, దాని మీద ఉన్న రెండు చిన్న స్క్రూల్లో ‘ఎల్’ గుర్తున్నది కొద్దికొద్దిగా, పావు చుట్టు చొప్పున బిగించండి. వదిలేస్తే సరిగ్గా నిట్రమైన చోట చైన్ పళ్లకూ పుల్లలకూ మధ్య పడి ఇరుక్కుంటుంది. పుల్లలు తెగుతాయి, డీరైలర్ విరుగుతుంది, అడవిలో దాన్ని బాగుచేసే షాపు దొరకదు. ఇంకో మాట: గేరు ఎక్కుడు మొదలవ్వకముందే మార్చాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ జారుతుంది.

ఇక ఇద్దరి సంగతి. ఈ పాఠంలో అసలు విషయం ఇదే.

చదునులో నెమ్మదైనవారు ముందుండాలి, వేగం వాళ్లదే. ఎక్కుడులో మాత్రం ఎవరి వేగం వాళ్లది. దోస్తు వెనక పడిపోతాడేమోనని నెమ్మదించినా, దోస్తును అందుకోవాలని ఉరికినా ఇద్దరికీ నష్టమే. పూర్తి వాక్యం ఒకటి ఆగకుండా మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. రెండు మాటలకే ఊపిరి ఆడకపోతే గేరు తగ్గించండి. గేరు అయిపోతే దిగి నెట్టండి. నాలుగు కిలోమీటర్ల వేగానికి తగ్గాక నడకకూ తొక్కుడుకూ తేడా లేదు, నడుస్తుంటే కాళ్లలో వేరే కండరాలు పనిచేసి తొడలకు సేద దొరుకుతుంది. నిట్రం తప్పించుకోవాలని రోడ్డుకు అడ్డంగా వంకరటింకరగా ఎక్కకండి, మలుపుల్లో ఆర్టీసీ బస్సులు రోడ్డంతా తీసుకుంటాయి.

విడిపోయే ముందు కలిసే చోటు ఖాయం చేసుకోండి. ‘పైన కలుద్దాం’ అంటే కుదరదు. ఫలానా కిలోమీటరు రాయి, ఫలానా పల్లె అని పేరు పెట్టి చెప్పాలి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోను మీద నమ్మకం వద్దు. పంపు, పానాలు, పంక్చర్ సామాను ఎప్పుడూ వెనక వచ్చేవారి దగ్గరుండాలి. ముందున్నవారికి పంక్చర్ పడితే కూర్చుంటారు, వెనకవారు ఎలాగూ వస్తారు. అదే సామాను ముందువారి దగ్గరుండి వెనకవారికి పంక్చర్ పడితే మాత్రం, ముందువారు ఎక్కిన గుట్టంతా దిగి రావాలి. నీళ్లు, తిండి, ట్యూబు ఎవరివి వాళ్ల దగ్గరే. ఆలస్యంగా వచ్చినవారికి పది నిమిషాలు కూర్చునే హక్కుంది. ముందొచ్చినవాడు సేదతీరి ఉంటాడు కాబట్టి దోస్తు రాగానే ‘పోదామా’ అంటాడు. అట్లా నాలుగుసార్లు జరిగితే వెనకవాడికి రోజంతా ఆగడమే ఉండదు. స్నేహాలు చెడేది కూడా అక్కడే.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, స్టీలు బాటిళ్లలో. అభయారణ్యంలో ప్లాస్టిక్ వద్దు. ఒక లీటరులో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి, చెంచా తలకొట్టి కొలవాలి. ఆకలయ్యేదాకా ఆగకుండా ముప్పావు గంటకోసారి పల్లీపట్టీయో అరటిపండో తినండి. కోతుల ముందు సంచి తెరవకండి, వాటికి ఏమీ పెట్టకండి.

దిగుడులో బ్రేకు పట్టుకునే కూర్చోవడం పెద్ద తప్పు. రిమ్ వేడెక్కి ట్యూబుకు వేసిన అతుకు ఊడుతుంది, ఒక్కోసారి ట్యూబే పగులుతుంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. మలుపుకు బయటి వైపు పెడల్ కిందికి, ఒంటి బరువు దాని మీద. ఇద్దరి మధ్య కనీసం 40 మీటర్ల ఎడం ఉండాలి. సగం దిగుడులో ఆగి రిమ్ దగ్గరికి వేలు తెచ్చి చూడండి. సెగ తగిలితే చల్లారేదాకా ఆగండి. డిస్కు బ్రేకైతే డిస్కును అసలు ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది.

అభ్యాసం: సామానుతో మహబూబ్‌నగర్ దగ్గరి మన్యంకొండ ఘాట్ రోడ్డు గానీ, మీ దగ్గరి ఏదైనా కిలోమీటరు ఎక్కుడు గానీ రెండుసార్లు ఎక్కండి. మొదట దోస్తు వెంటే, రెండోసారి మాట్లాడగలిగే వేగంలో విడివిడిగా. రెండుసార్లూ పట్టిన సమయం, పైకి చేరాక నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఇద్దరూ రాసుకోండి. వచ్చే పాఠంలో కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల రేవులో సైకిళ్లను పడవకెక్కించడం చూద్దాం. దానికి ఆరు మీటర్ల నూలు తాడు తెచ్చి పెట్టుకోండి.