టవర్‌ను తిట్టే ముందు ఇంట్లో మెయిన్ ఆపి చూడండి

రేడియో గరగరమన్నా, వైఫై నత్తనడక నడిచినా, ఫోన్ మధ్యలో కట్టయినా మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "టవర్ ప్రాబ్లం". చాలాసార్లు దోషం మన గోడల లోపలే ఉంటుంది. అందుకే ముందు సొంత ఇల్లు, తర్వాత పక్కిల్లు, ఆ తర్వాత వీధి వెతకాలి. ఆఖరికే ఫిర్యాదు.

రేడియోలో గరగర

మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం పగలు బాగానే వస్తుంది, పొద్దుగూకి లైట్లు వేయగానే గరగర మొదలవుతుంది. రేడియోను బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపండి. మోత ఆగిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలన్నీ (మీటరు బోర్డులో గదులకు వెళ్లే కరెంటును ఆపే స్విచ్చులు) దించి, మెయిన్ వేసి, వాటిని ఒక్కొక్కటే ఆన్ చేస్తూ పోతే ఏ గదో తెలుస్తుంది. ఆ గదిలో రేడియోను బల్బుల దగ్గరికి, ఛార్జర్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఒకదాని దగ్గర మోత చెవులు గింగిర్లెత్తేలా పెరుగుతుంది, అదే.

ఎక్కువగా దొరికేది నాసిరకం ఎల్ఈడీ బల్బే. దాని లోపలి డ్రైవర్ (బల్బుకు తగ్గట్టు కరెంటును మార్చే సర్క్యూట్) కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతుంటుంది. దాంతో పుట్టే రేడియో మోత బయటికి రాకుండా మంచి కంపెనీలు చిన్న కాయిల్, కెపాసిటర్ పెడతాయి. సంతలో అగ్గువకు దొరికే బల్బులో అవి పెట్టరు. బల్బు మార్చడమే మందు. ఛార్జర్ అయితే దాని వైరును ఫెరైట్ రింగులో మూడు నాలుగు చుట్లు తిప్పితే చాలావరకు తగ్గుతుంది.

మెయిన్ ఆపినా మోత ఆగకపోతే రేడియో పట్టుకుని వీధిలో నడవండి. ఏదో ఒక స్తంభం కింద మోత బాగా పెరిగితే పగిలిన ఇన్సులేటరో, లూజు జంపరో (తీగలను కలిపే ముక్క) అనుమానించాలి. వాన పడగానే తగ్గితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. స్తంభం నంబరు రాసుకుని 1912కి చెప్పండి, కర్ర పట్టుకుని మీరు మాత్రం కదిలించొద్దు. కాజీపేటలో పట్టాల పక్కన ఉండేవాళ్లకు రైలు వెళ్తున్న కాసేపు పైన 25 వేల వోల్టుల తీగ దగ్గర మెరుపులతో పాటు రేడియోలో చిటపటలు వస్తాయి. దానికి మనం చేసేదేం లేదు.

ఫుల్ సిగ్నల్ ఉన్నా కాల్ కట్

అన్నిటికన్నా తలనొప్పి ఇదే. పుల్లలు నిండుగా ఉంటాయి, అవతలివాళ్ల మాట మీకు వినిపిస్తుంది, మీ మాట మాత్రం వాళ్లకు ముక్కలు ముక్కలుగా పోతుంది. గల్లీలో అందరిదీ ఇదే గోస అయితే, కరెంటు పోయినప్పుడు గమనించండి. టవర్ బ్యాటరీ మీద నడుస్తుంటుంది. ఆ కాసేపూ ఫోన్లు చక్కగా పనిచేస్తే, చుట్టుపక్కల ఏదో మేడ మీద బూస్టర్ (మొబైల్ సిగ్నల్ పెంచే రిపీటర్) ఉందనుకోవచ్చు.

బయటి యాంటెనాకూ లోపలి యాంటెనాకూ మధ్య సరైన ఎడం లేకపోతే, స్పీకర్ ముందు మైకు పెట్టినట్టు బూస్టర్ కూత పెడుతుంది. ఆ కూత టవర్ చెవిలో పడి, మిగతా ఫోన్ల మాట దానికి వినపడదు. ఒకరి హాలులో సిగ్నల్ కోసం వీధి మొత్తానికి తిప్పలన్నమాట.

ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, తప్పేముంది అంటారు. తప్పే. మొబైల్ రిపీటర్లు పెట్టే హక్కు లైసెన్సున్న టెలికాం సంస్థలకే ఉంది. మామూలు మనుషులు కొనడం, దగ్గర ఉంచుకోవడం, వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లో మళ్లీ గుర్తుచేసింది. మీ ఇంట్లోనే ఉంటే పీకేసి వైఫై కాలింగ్ వాడుకోండి. ఇంకెవరిదో అయితే మేడలెక్కి గొడవ పడొద్దు, మీ ఆపరేటర్‌కు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. వాళ్ల ఇంజినీర్లు దిశ చూపే యాంటెనాతో వెతుకుతారు. అవసరమైతే విషయం టెలికాం శాఖ వైర్‌లెస్ మానిటరింగ్ విభాగం దాకా వెళ్తుంది.

సాయంత్రం వైఫై మందగిస్తే

హనుమకొండ నయీంనగర్ హాస్టళ్ల నడుమ ఇల్లయితే ఇది మామూలే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. రౌటర్లు మాత్రం ఇంటికొకటి. దగ్గరి గదుల్లో 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. అన్నం వేడిచేసేటప్పుడే ఆగుతుంటే అది మైక్రోవేవ్ పని, రౌటర్‌ను వంటింటికి దూరంగా జరపండి. రౌటర్ పక్కన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ఉంటే దాన్ని కూడా.

పక్కింటి రౌటర్ మీద కంప్లైంట్ పనిచేయదు. 2005లో 2.4ను, 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు గానీ, ఇంకొకరి వల్ల అంతరాయం వస్తే రక్షణ ఉండదన్నది అందులోని షరతు.

కారు రిమోట్ ఒక్కచోటే పనిచేయకపోతే

433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రిమోట్లదీ అదే కథ. ముందు సెల్లు మార్చండి. అయినా అక్కడే మొరాయిస్తే, దగ్గర్లో వైర్‌లెస్ కాలింగ్ బెల్లో, గేటు రిమోటో బటన్ ఇరుక్కుని ఆగకుండా సిగ్నల్ వదులుతుండొచ్చు. రిమోట్‌ను డోర్‌కు ఆనించి నొక్కి చూడండి, తెరుచుకోకపోతే అందులోనే దాచిన ఇనుప తాళంచెవి ఉంటుంది.